బంతిపూల బరువు

కెమెరాకు పూజ చేయకూడదని ఏ పుస్తకంలో రాసి ఉందో చూపించమని పోయినేడాది దసరాకే సింధూజను అడిగాను. చూపించలేదు. నవ్వేసి, లెన్సు అద్దం మీద నేను పెట్టిన కుంకుమ బొట్టును మెత్తటి గుడ్డతో తుడిచేసింది. "కంట్ల బొట్టు పెడ్తె ఎట్ల కనవడ్తది సార్?" అంది. నాకు ఒళ్లు మండింది. ఆ ల్యాబులో నేను మొదటిసారి ఆయుధపూజ చేసేనాటికి ఈ పిల్ల ఇంకా పుట్టనే లేదు.

నా పేరు గంగాధర్. మాది అనంతపురం వైపు పల్లె. యూనివర్సిటీ సివిల్ ఇంజనీరింగ్ ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్లుగా టెక్నీషియన్ని, కాపురం తార్నాకలో. నాకు ముక్కు మీద కోపమని డిపార్ట్‌మెంట్లో అందరూ అంటారు. అనుకోనీండి. నా లాగ్‌బుక్కును మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేరు. ఏ మిషన్ ఎప్పుడు ఆన్ చేశాం, ఎప్పుడు ఆపాం, ఎవరు ముట్టుకున్నారు, అంతా నిమిషాలతో సహా రాస్తాను. కొత్తగా చేరిన పిల్లలకు వేదవతి మేడం ఆ పుస్తకం తెరిచి చూపించి, రాస్తే ఇలా రాయాలని చెప్తారు. అలాంటప్పుడు నేను పక్కనే ఏదో స్క్రూ బిగిస్తున్నట్టు నటిస్తూ వింటుంటాను.

వేదవతి మేడం మా ప్రొఫెసరు. సింధూజ ఆవిడ దగ్గర పిహెచ్‌డీ చేస్తోంది. జనగామ దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఆ పిల్ల చదువంతా ఒక్క విషయం మీదే: కట్టడాన్ని ముట్టుకోకుండా, దూరం నుంచి కెమెరాతో చూసి, అది ఎంత కదిలిందో ఎంత వంగిందో చెప్పడం. మా కాలంలో గోడకు ముల్లు ఆనించి గడియారంలాంటి గేజీ పెట్టి కొలిచేవాళ్లం. ఈ పద్ధతిలో గోడ మీద తెల్లరంగు పూసి, దాని మీద నల్లరంగు చుక్కలుగా చిమ్ముతారు. కెమెరా ఆ చుక్కల్ని పొద్దస్తమానం ఫొటోలు తీస్తూనే ఉంటుంది. కంప్యూటరు ప్రతి ఫొటోనూ మొట్టమొదటి ఫొటోతో పోల్చి, చుక్కలు వెంట్రుకవాసి జరిగినా పట్టేస్తుంది. మొదట్లో నేను నమ్మలేదు. తర్వాత గేజీ పెట్టి పక్కపక్కనే కొలిచి చూశాను. పిల్ల లెక్కే కరెక్టు. నేను మెచ్చుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

ఈ ఏడు వానలకు మా క్యాంపస్‌లో రీసెర్చి ఆడపిల్లల హాస్టల్లో మెట్ల గోడ బీటలు వారింది. అరవై ఏళ్ల పాత రాతి కట్టడం. నూట పది మంది ఉంటారు. ఇంజనీరింగ్ సెక్షన్ చూసుకునే పరశురాం గారు మేడం దగ్గరికొచ్చి, "బిల్డింగు దిగుతున్నదా లేదా, గింత చెప్పుండ్రి మేడం. పిల్లల పానాలతోని ఆటలు వద్దు" అన్నారు. మేడం ఆ పని సింధూజకు అప్పజెప్పారు. మా ల్యాబు డాబా మీది నుంచి ఆ హాస్టలు గోడ తిన్నగా కనిపిస్తుంది, అరవై మీటర్ల దూరం. అక్కడొక రేకు డబ్బా బిగించి, అందులో మూడు కాళ్ల స్టాండు మీద చేయంత పొడుగు లెన్సున్న కెమెరాను పెట్టాం. కొలత నడుస్తున్నన్నాళ్లూ డబ్బా ఎవరూ తెరవకూడదని సింధూజ రూలు పెట్టింది. తాళంచెవి నా దగ్గర.

ఇందులో ఒక చిక్కుంది. ఆ హాస్టల్లోనే సింధూజ ఉంటుంది, పద్నాలుగో నంబరు గది. పిహెచ్‌డీలో అయిదేళ్లు దాటినవాళ్లకు కొత్తగా గది ఇవ్వరు, ఉన్న గదిలో ఉండనిస్తారంతే. హాస్టలు మూస్తే ఆ పిల్ల ఊరికి పోవాల్సిందే. థీసిస్ పూర్తవడానికి ఇంకా మూడు నెలలుంది. "ఊరికి పోతె ఇగ గంతే సార్. మా అక్క ఆగమైంది గట్లనే, మల్ల వస్త అని పోయింది, రాలే" అని ఒకసారి టీ తాగుతూ అంది. గోడ కదలకపోతే చాలని లోపల అనుకున్నాను.

రెండు నెలలు గోడ కదల్లేదు. మా ఇద్దరి ఫోన్లలోనూ ఆ అంకె కనిపించేటట్టు సింధూజ పెట్టింది. సున్నా, లేకపోతే మిల్లీమీటరులో పదోవంతు. నాకు పొద్దున లేచి పంచాంగం చూసినట్టు ఆ అంకె చూడటం అలవాటైపోయింది.

దసరా వచ్చింది. సద్దుల బతుకమ్మకు సింధూజ ఊరెళ్లింది. ఆయుధపూజ రోజు నేను స్నానం చేసి, లలిత కట్టిచ్చిన దండలు సంచిలో వేసుకుని ల్యాబుకు పోయాను. లలిత అంటే మా ఆవిడ. తార్నాక చౌరస్తాలో బంతిపూలు కొనుక్కొచ్చి, తెల్లారుజామునే కూర్చుని, మిషన్ల లెక్కన పదిహేడు దండలు కట్టింది. కెమెరా కొత్తది, ఖరీదైనది, పాపం రెండు నెలలుగా ఎండకూ వానకూ కష్టపడుతోంది, దానికి అన్నిటికంటే పెద్ద దండ. అరకిలో పూలుంటాయి. ఈసారి అద్దానికి బొట్టు పెట్టలేదు చూడండి, పిల్ల మాట మన్నించాను. దండను లెన్సు గొట్టానికి వేసి, అద్దానికి అడ్డం రాకుండా సర్ది, హారతిచ్చాను.

ఆన్‌లో ఉన్న మిషన్‌కు పూజ చేయకూడదు కదా. అందుకని ముందు ఆపి, కొబ్బరికాయ కొట్టాక మళ్లీ ఆన్ చేశాను. ఆపి ఆన్ చేస్తే కంప్యూటరు కొత్తగా తీసిన ఫొటోనే సున్నాగా పెట్టుకుంటుందని నాకు తెలుసు. కదలని గోడకు ఏ సున్నా అయితే ఏంటి? లాగ్‌బుక్కు తీశాను. పూజ అని రాస్తే పిల్ల వచ్చి మళ్లీ నవ్వుతుంది, దండ తీసేస్తుంది. "కరెంటు పోయి వచ్చింది, 10.40 నుంచి 11.25" అని రాశాను. అబద్ధం రాస్తున్నానని అప్పుడు అనిపించలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో రాసిన మొదటి అబద్ధం అది.

మర్నాటికి గోడ 0.7 మిల్లీమీటర్లు దిగింది. రెండో రోజుకు 1.3. సింధూజ ఊరి నుంచి పరుగెత్తుకొచ్చింది. లాగ్‌బుక్కు తెరిచి, కరెంటు పోయిన లైను దగ్గర వేలు పెట్టి అడిగింది.

"కరెంటు పోయినప్పుడు పైకి ఎవరన్న పోయిండ్రా సార్? డబ్బ ఎవరన్న తీసిండ్రా?"

"ఎవరు తీస్తారమ్మా? తాళం నా దగ్గరుంటే!" అని కసిరాను. నిజానికి ఆ క్షణంలో నాకు దండ గుర్తు రాలేదని చెప్తే మీరు నమ్మరు. గుర్తొచ్చింది. దండకూ గోడకూ సంబంధమేంటనుకున్నాను.

ఆ పిల్ల అంత తేలిగ్గా వదిలే రకం కాదు. హాస్టలు పక్కనే ఒక పెద్ద బండ ఉంది. బండ కదలదు కాబట్టి దాని మీద కూడా ముందే చుక్కలు వేసి పెట్టింది. గోడతో పాటు బండ కూడా దిగినట్టు కనిపిస్తే, కదిలింది గోడ కాదు, మన కెమెరా అని అర్థం. కానీ పండగకు కుర్రాళ్లు ఆ బండ మీద దసరా శుభాకాంక్షల ఫ్లెక్సీ కట్టారు. పండగ ఫ్లెక్సీని కట్టేవాళ్లే గానీ విప్పేవాళ్లు మన దగ్గర ఉండరు, దాన్ని గాలివానే విప్పాలి. "సార్, అది తీపియ్యుండ్రి" అని సింధూజ రెండుసార్లు అడిగింది. వాళ్లతో ఎందుకమ్మా మనకు తగువు, వారంలో వాళ్లే తీస్తారు అన్నాను. వాళ్లు తీయలేదు. గోడ 2.4కు దిగింది, 3.1కి దిగింది, తొమ్మిదో రోజుకు 3.8.

సింధూజ రిపోర్టు రాసి మేడం ముందు పెట్టింది. నేను అక్కడే ఉన్నాను. మేడం కళ్లజోడు తీసి, "నీ గది కూడా అందులోనే కదా సింధూ. ఇంకో వారం చూద్దామా?" అన్నారు మెల్లగా.

"నా గదున్నదని ఆగుదమా మేడం? నూట పది మంది పండుకుంటున్నరు ఆ బిల్డింగుల" అంది. సంతకం పెట్టింది. ఆ సాయంత్రమే పరశురాం గారు మూడు రోజుల్లో హాస్టలు ఖాళీ చేయాలని నోటీసు అంటించారు.

పిల్లలు ట్రంకుపెట్టెలు మోసుకుంటూ పోయారు. కొందరు అడిక్‌మెట్‌లో గదులు చూసుకున్నారు, కొందరు బంధువుల ఇళ్లకు సర్దుకున్నారు. మూడో రోజు పొద్దున సింధూజ ల్యాబుకొచ్చి బల్ల సొరుగు తాళంచెవి నా చేతిలో పెట్టింది. "పోయొస్త సార్" అంది. ఊరికి పోయి చదువుకుంటానని, నెలకోసారి వస్తానని ఏదో చెప్పింది. నేను తల ఊపాను. ఆ పిల్ల మొహంలోకి చూడలేకపోయాను.

మధ్యాహ్నం మేడం కెమెరా కిందికి దించమన్నారు. ఆపే ముందు చివరి అంకె రాసుకోవాలి కాబట్టి, ఫోను చేత్తో పట్టుకునే డాబా ఎక్కాను. రేకు డబ్బా తలుపు తీశాను. దండ అలాగే ఉంది, ఎండి గోధుమరంగుకు తిరిగింది. ముట్టుకుంటే గలగలమంది. పండగ నాడు రెండు చేతులా ఎత్తి వేసిన దండ, ఇప్పుడు చూస్తే ఎండుగడ్డి పోచంత ఉంది. తీసి పక్కన పెట్టాను. ఫోను వైపు చూస్తే 3.9లో ఉన్న అంకె 4.5 అయింది.

హాస్టలు ఒక్కసారిగా దిగబడిందా అని బెదిరిపోయి గోడ వైపు చూశాను. శుభ్రంగా నిలబడి ఉంది. దండ మళ్లీ వేశాను. 3.9. తీశాను. 4.5.

పక్కన వాన నీళ్లు పట్టిన బకెట్టుంది. దండను అందులో ముంచి, బాగా నాననిచ్చి, నీళ్లు కారుతుంటే అలాగే లెన్సుకు వేశాను. అంకె 3 దాటి, 2 దాటి, 0.6 దగ్గర ఆగింది. అరవై ఏళ్ల రాతి కట్టడం ఒక తడి దండకు మూడు మిల్లీమీటర్లు పైకి లేచింది! ఇంకేముంది, అంతా అర్థమైపోయింది. పచ్చి దండ బరువుకు లెన్సు రవ్వంత కిందికి వంగింది. అప్పుడే నేను ఆన్ చేశాను, అదే సున్నా అయింది. పూలు రోజుకింత ఎండుతుంటే బరువు తగ్గి, లెన్సు రోజుకింత పైకి లేచింది. లెన్సు పైకి లేస్తే ఫొటోలో గోడ కిందికి దిగినట్టు కనిపిస్తుంది. గోడ కదల్లేదు. దానికి ఏమీ కాలేదు. ఇదంతా నా చేతులతో నేను చేసిన ఘనకార్యం.

డబ్బా పక్కనే కూలబడ్డాను. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. దండను జేబులో కుక్కుకుని కిందికి దిగిపోతే ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. ఎనిమిది నెలల్లో రిటైరవుతాను, శాలువా కప్పుతారు, మేడం నా లాగ్‌బుక్కు గురించి నాలుగు మంచి మాటలు చెప్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను, ఆ శాలువా నాకు కనిపించింది కూడా. కానీ దాంతోపాటే ఆ పిల్ల సంతకం పెట్టిన చెయ్యి కూడా కనిపించింది. తన గదిని తానే ఖాళీ చేయమని రాసిచ్చిన పిల్ల! సిగ్గుతో నా తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఫోను చేస్తే ఎత్తలేదు. స్కూటరు తీసి తార్నాకకు పరుగెత్తాను. ఉప్పల్ పోయే బస్సుల దగ్గర, రెండు బ్యాగులూ ఒక ట్రంకుపెట్టే, దుప్పట్లో చుట్టిన కంప్యూటరూ ముందర పెట్టుకుని నిలబడి ఉంది. ఉప్పల్ పోయి జనగామ బస్సెక్కాలి. నన్ను చూసి, ఏదో మర్చిపోతే తెచ్చిచ్చానేమో అనుకుంది.

"గోడ కదల్లేదమ్మా" అన్నాను ఆయాసపడుతూ.

"ఏంది సార్?"

"కెమెరా కదిలింది. దండ వేశాను నేను. బంతిపూల దండ. అది ఎండింది."

సింధూజ కాసేపు నా మొహంలోకి చూసింది. "మల్ల చెప్పుండ్రి. మెల్లగ" అంది. మొదటి నుంచి చెప్పాను. బస్సు వచ్చి, కండక్టరు ఉప్పల్, ఉప్పల్ అని అరిచి, వెళ్లిపోయింది. ఆ పిల్ల ఎగిరి గంతేస్తుందనుకున్నాను. వేయలేదు.

"చూపియ్యుండ్రి" అంది.

అక్కడే చౌరస్తాలో అరకిలో బంతిపూలు కొంది. తూకం ముల్లు సరిగ్గా చూసి మరీ కొంది. సామాను పూలమ్మే ఆవిడ దగ్గర ఉంచి, స్కూటరు మీద వచ్చి డాబా ఎక్కాం. నన్ను దూరంగా నిలబెట్టి, పూలు గుచ్చి, దండ తనే వేసింది, తనే తీసింది. వేస్తే పైకి, తీస్తే కిందికి. ఆరుసార్లు చేసి, ఆరు అంకెలు చేతి మీద పెన్నుతో రాసుకుంది. తర్వాత కిందికి దిగి, బండ దగ్గరికి పోయి, తాళ్లు పళ్లతో కొరికి ఆ ఫ్లెక్సీని పీకి పారేసింది. పైకొచ్చి, కొత్త సున్నా పెట్టి, మళ్లీ దండ వేసి చూశాం. గోడా బండా రెండూ కలిసే లేచాయి.

"బండ గూడ లేచింది సార్" అంది. డాబా పిట్టగోడకు ఆనుకుని ఏడ్చింది. నేను పక్కన నిలబడ్డాను, ఏం చేయాలో తెలియక. కాసేపటికి చున్నీతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"కరెంటు పోలే గద సార్?"

"పోలేదమ్మా."

"నేను అడిగిన. ఎవరన్న పైకి పోయిండ్రా అని."

నేను జేబులోని డబ్బా తాళంచెవిని తడుముకున్నాను.

"పూజ జేసిన అని రాస్తె నేనేమంటుంటి? జర నవ్వుతుంటి. దండ తీసి పక్కకు పెడ్తుంటి. గంతే గద సార్."

అరిచి ఉంటే బాగుండేది. నాలుగు తిట్టినా పడి ఉండేవాణ్ణి. ఆ పిల్ల అరవలేదు. మామూలుగా, చదువు చెప్పినట్టు చెప్పింది.

ఆ రాత్రి కంచం ముందు కూర్చుని కలుపుతున్నానే గానీ తినడం లేదు. లలిత చూసింది. "ఏమైంది, అట్ల కూర్చోనుండారే?" అంది. చెప్పాను. విని, చేతిలో గరిటె అట్లే పట్టుకుని నిలబడిపోయింది.

"నేను కట్టిన దండకా? అయ్యో దేవుడా, ఆ పిల్ల ఉసురు నాకు తగలదూ? ఇంగ దేనికీ కట్టను పో."

"దండదేముంది లలితా. నా రాతది తప్పు" అన్నాను. ఆ మాట నా నోటితో నేను అన్నాక గానీ ముద్ద లోపలికి పోలేదు.

మర్నాడు పొద్దున మేడం గదిలో, పరశురాం గారి ముందు నిలబడి అంతా చెప్పాను. లాగ్‌బుక్కు తెరిచి ఆ లైను చూపించాను. పరశురాం గారు ముందు నవ్వారు. "పూలదండకు బిల్డింగు దిగిందా గంగాధర్ సాబ్? నేను నూట పది మందిని రోడ్డు మీదికి తెచ్చిన గదయ్యా!" అన్నారు. ఆ మాట సగంలోనే ఆయన నవ్వు ఆగిపోయింది. తర్వాత ఆయనా ఎటో చూశారు, మేడమూ ఎటో చూశారు. నాకు మెమో ఇచ్చారు, తీసుకున్నాను. మేడం ఆ పుస్తకాన్ని మూసి నా వైపు జరిపారంతే.

వారం పాటు బండనూ గోడనూ కలిపి చూశాం. రెండూ కదల్లేదు. మెట్ల గోడ బీట పాతదేనని, వాన నీరు దిగి పైపూత ఊడిందని తేల్చారు. నోటీసు చింపేశారు. పిల్లలు ట్రంకుపెట్టెలతో తిరిగొచ్చారు. పద్నాలుగో గదిలో సింధూజ మళ్లీ చేరింది. థీసిస్‌లో ఈ దండ సంగతి ఒక పూర్తి అధ్యాయం రాస్తున్నానని, పరీక్ష చేసేవాళ్లు ఎట్లా నవ్వుతారో చూడాలని నాతోనే అంది. నవ్వుతూనే అంది. అమ్మయ్య, కోపం పోయిందనుకున్నాను. నిజంగానే పోయింది.

థీసిస్ కోసం కొలత కొత్తగా మొదలుపెట్టే రోజు పొద్దున్నే వచ్చింది. మెస్సు నుంచి నాకు కూడా రెండు ఇడ్లీలు డబ్బాలో తెచ్చింది. ఇద్దరం తిన్నాం. లలిత ఎట్లా ఉందని అడిగింది, ఈసారి బోనాలకు మా ఇంటికి వస్తానంది. డాబా మీద కెమెరా ఆన్ చేసి కిందికొచ్చాం. అలవాటు కొద్దీ నేను సొరుగులోంచి లాగ్‌బుక్కు తీసి, పేజీ తిప్పి, తేదీ వేయబోతూ పెన్ను మూత తీశాను.

సింధూజ పేజీ మీద చెయ్యి పెట్టింది. "సార్, ఇగ నుంచి నేను రాస్త" అంది.

ఎందుకని అడగలేదు. ఆ పిల్ల కళ్లల్లో కోపం వెతికాను, లేదు. కోపముంటే ఏదో ఒక రోజు తగ్గుతుందని ఆశపడేవాణ్ణి. పుస్తకాన్ని తన వైపు తిప్పి, పెన్ను కూడా ఇచ్చాను. వంగి రాసింది. దస్తూరీ ఏమంత బాగాలేదు, వంకరటింకరగా ఉంది.

"నిమిషాలు కూడా వేయమ్మా" అన్నాను.

"ఏసిన సార్" అంది.